మంచు బండి వెనక్కి తిరిగే చోటు

1979 అక్టోబరులో మా కంపెనీ నన్ను ఒక సరిహద్దు దావాకు పటాలు గీసే పనిలో వేసింది. మాది షికాగో శివారులో కోర్టుల కోసం పటాలు, నమూనాలు తయారుచేసే చిన్న సంస్థ. నా హోదా సీనియర్ డ్రాఫ్ట్స్‌మన్. ఆడదాన్నయినా కార్డు మీద అలాగే ఉండేది. ముప్ఫై దాటాక అరోరా ఊరి లైబ్రరీలో పెద్దవాళ్ళ క్లాసుకు వెళ్ళి అక్షరాలు నేర్చుకున్నదాన్ని. గీయడం మాత్రం అంతకు ముందే వచ్చు. లాయర్ల మాటలకు అర్థాలు ఎవరినో ఒకరిని అడిగి తెలుసుకోవలసి వచ్చేది. అలా తెలుసుకున్నవే ఇక్కడ చెబుతున్నాను.

దావా రెండు రాష్ట్రాల మధ్య. అమెరికాలో రెండు రాష్ట్రాలు సరిహద్దు కోసం తగువు పడితే నేరుగా సుప్రీంకోర్టుకే వెళతాయి. కోర్టు తన తరఫున సాక్ష్యం వినడానికి ఒక అనుభవజ్ఞుణ్ణి నియమిస్తుంది. ఆయన్ని స్పెషల్ మాస్టర్ అంటారు. ఇక్కడ వాడే సూత్రాలు దేశాల మధ్య తగవుల్లో వాడేవే. అందుకేనేమో, మా క్లయింటు రాష్ట్రం లాయరు హాల్డెన్ రెండు సామ్రాజ్యాల యుద్ధం నడిపిస్తున్నట్టు మాట్లాడేవాడు. యుద్ధం జరుగుతున్నది విల్లో పొదలూ దోమలూ ఉన్న ఒక పల్లపు నేల కోసం.

సూత్రం ఇదీ. సరిహద్దుగా ఉన్న నది ఏటా కొంచెం కొంచెంగా ఒడ్డు కోసుకుంటూ జరిగితే, సరిహద్దు కూడా దానితో పాటు జరుగుతుంది. దీన్ని అక్రీషన్ అంటారు. అలాకాక ఒక్క వరదలో పాత దారి వదిలేసి కొత్త దారి పడితే అది అవల్షన్. అప్పుడు సరిహద్దు ఎండిపోయిన పాత పాయలోనే ఉండిపోతుంది. వీటికి తోడు ఇంకొకటుంది. నేల ఎవరిదైనా సరే, పక్క రాజ్యం దాన్ని చాలాకాలం బహిరంగంగా తనదిగా ఏలుకుంటూ ఉంటే, అసలు యజమాని నోరు మెదపకపోతే, ఏలినవాళ్ళకే దక్కుతుంది. దీని పేరు ప్రిస్క్రిప్షన్.

మా దావాలో నది ఎప్పుడో పడమరకు వెళ్ళిపోయింది. అవతలి రాష్ట్రపు ముక్క ఒకటి ఇవతలి ఒడ్డున, మా క్లయింటు రాష్ట్రం వైపు, మిగిలింది. ఇవతలి ఊరికీ ఆ ముక్కకూ మధ్య పాత పాయ, ఎండిపోయి, గడ్డి పట్టి ఉంది. నది మెల్లగా జరిగింది, పైగా ఇన్నేళ్ళూ మేమే ఏలుకున్నాం అని మావాళ్ళ వాదన. నది దూకింది, నేల మాది అని అవతలివాళ్ళది. అవతలివాళ్ళకు ఆ ముక్క గుర్తొచ్చింది అక్కడ బాతుల వేట బాగుంటుందని తెలిశాకే.

ఆ నేల మీద కాపురం ఉన్నది ఒక్కరే. మార్తా అనే విధవరాలు. ఇల్లూ, మొక్కజొన్న చేలూ ఆమెవి. దస్తావేజు మా క్లయింటు రాష్ట్రంలోని కౌంటీ, అంటే జిల్లా, ఆఫీసులో రిజిస్టరైంది. అవతలి రాష్ట్రం గెలిస్తే ఆ దస్తావేజు చెల్లదు, నేలంతా ప్రభుత్వానిది అవుతుంది. రెండు రాష్ట్రాలకు ఇది పరువు సంగతి. ఆమెకు ఉన్నదంతా అదే.

నేల చూడటానికి వెళ్ళిన రోజు నా కారులో మోహనరావు గారు ఎక్కారు. ఆంధ్ర నుంచి వచ్చి స్థిరపడిన ఇంజనీరు. నదుల మీద డాక్టరేటు. మా తరఫు నిపుణుడు.

"ఏమండీ, నది నిజంగా మెల్లగానే జరిగిందా?" అని అడిగాను.

"సుభద్రమ్మ గారూ, నన్ను హైర్ చేసుకున్నది జరిగిందని చెప్పడానికి. దూకిందని చెప్పడానికి వాళ్ళకి వేరే డాక్టరున్నాడు. ఇద్దరం ఒకే క్లాసు."

"మరి నది ఏమంటుంది?"

"నదిని ఎవరూ హైర్ చేసుకోలేదు కదండీ" అని ఆయన హాయిగా నవ్వారు.

ఏలుబడికి రుజువులు కావాలి. పన్నులు వసూలు చేసినట్టు రుజువు దొరికింది. పన్ను వసూలు చేయడంలో ఏ ప్రభుత్వమూ మరిచిపోదు. అది చాలదని హాల్డెన్ రోడ్డు వెంట నడిచాడు. పాత పాయ దగ్గర తారు రోడ్డు ఒక పెద్ద గుండ్రం అయి ఆగింది. అక్కడినుంచి మార్తా ఇంటికి మట్టి బాటే. ఆ గుండ్రంలో సగం వివాదంలో ఉన్న నేల మీదికి వెళ్ళింది. కౌంటీయే వేసిందని తెలిశాక అతని ఆనందానికి హద్దు లేదు. ప్రభుత్వ నిర్మాణం, అదీ పాయకు అవతల! "దీన్ని ఎర్రగా, పెద్దగా చూపించండి" అన్నాడు. చూపించాను. చెప్పింది గీయడం నా ఉద్యోగం.

మార్తా మాకు కాఫీ ఇచ్చింది. హాల్డెన్ ఆమెకు ఏ రంగు బట్టలు వేసుకోవాలో, ఎవరి వైపు చూస్తూ మాట్లాడాలో చెప్పాడు.

"మరి నేనేం చెప్పాలి, బాబూ?" అని ఆమె అడిగింది.

"నిజం చెప్పండి, చాలు" అన్నాడు. ఆ నిజం ఏమిటో అడగాలని అతనికి తోచలేదు. ముసలి విధవరాలు, తెల్లటి జుట్టు, చేతిలో దస్తావేజు. అతనికి అదే కేసు.

వసంతంలో విచారణ జరిగింది. స్పెషల్ మాస్టర్ రిటైరైన జడ్జి, తక్కువ మాట్లాడే మనిషి. నా పటం ఈజిల్ స్టాండు మీద పెట్టారు. తన ఇల్లు అంత పెద్దగా కనబడేసరికి మార్తా ముచ్చటపడింది. హాల్డెన్ కర్రతో ఎర్ర గుండ్రం మీద తట్టాడు.

"ఇది కౌంటీయే కట్టించింది కదూ?"

"అవునండీ."

"ఎందుకు కట్టించిందో కోర్టుకు చెప్పండి."

"స్నోప్లౌ వెనక్కి తిరగడానికండీ."

హాల్డెన్ కర్ర కిందికి దిగింది. మాస్టరే ముందుకు వంగి అడిగాడు. "మంచు తోసే బండి మీ ఇంటిదాకా రాదా?"

"ఎన్నడూ రాలేదండీ. అడిగితే తమ ఏరియా పాయ దగ్గరే అయిపోయిందంటారు. బండి తిప్పుకోవడం కష్టమవుతోందని డ్రైవర్లు గొడవపెడితే ఆ సర్కిల్ వేశారు. మా ఆయనకి గుండెనొప్పి వచ్చినప్పుడు అంబులెన్స్ కూడా అక్కడే ఆగి హారన్ కొట్టింది. నేనే ట్రాక్టర్ మీద ఎక్కించుకుని తీసుకెళ్ళాను."

అవతలి లాయరు ప్రశ్నలేమీ లేవన్నాడు. కూర్చునే ఉన్నాడు, లేవనైనా లేదు. హాల్డెన్ మాత్రం తన గొయ్యి తానే ఇంకా తవ్వుకున్నాడు.

"కానీ మీరు ఈ రాష్ట్రం మనిషిననే అనుకున్నారు కదా?"

"నేను అనుకున్నానండీ. వాళ్ళే అనుకోలేదు."

బయట వరండాలో మోహనరావు గారు తల పట్టుకున్నారు. "అయిపోయిందండీ. నా స్లైడ్స్ అన్నీ వేస్ట్."

"పోయేది ఆవిడ ఇల్లండీ" అన్నాను. ఆయన కాఫీ మెషీన్ వైపు వెళ్ళిపోయారు.

మాస్టర్ నివేదికలో నది దూకిందని తేల్చాడు. ఏలుబడి వాదనకు ఒక్క పేరా కేటాయించాడు. పాత పాయే తన హద్దని కౌంటీయే నమ్మి, అక్కడినుంచి వెనక్కి తిరగడానికి సొంత ఖర్చుతో ఏర్పాటు చేసుకుందని అందులో రాశాడు. నా పటాల్లో అనుబంధంగా అచ్చయింది ఆ ఎర్ర గుండ్రం పటం ఒక్కటే. సుప్రీంకోర్టు నివేదికను ఆమోదించింది. హాల్డెన్‌కు తర్వాత ప్రమోషన్ వచ్చిందని విన్నాను.

గెలిచిన రాష్ట్రం మార్తా చేలను వేట మైదానం చేసింది. బతికినన్నాళ్ళూ ఇంట్లో ఉండమని దయతలచి ఒక అనుమతి ఇచ్చింది. ఆ రాష్ట్రానికి అక్కడ వంతెన లేదు, మంచు బండి పంపే ఉద్దేశమూ లేదు. ఆ తర్వాత వచ్చిన జనవరిలో నేను మార్తాకు ఫోన్ చేశాను.

"మీ దారిలో మంచు ఎవరు తీస్తున్నారమ్మా?"

"నా ట్రాక్టరే. కౌంటీ బండి మామూలుగానే సర్కిల్ దాకా వస్తోంది, తిరిగిపోతోంది. ఇదివరకు ఆ డ్రైవరు నన్ను చూసి మొహం తిప్పుకునేవాడు. ఇప్పుడు తన బాధ్యత కాదుగా, చెయ్యి ఊపుతున్నాడు."

రిటైరయ్యేదాకా మరికొన్ని సరిహద్దు దావాలకు పటాలు గీశాను. ఈ దావా నేర్పిన పద్ధతి ఒకటి వదలలేదు. రాజ్యం తనదని చెప్పే గీత గీయడానికి ముందు మంచు బండి, టపా బండి, అంబులెన్స్ ఎక్కడ వెనక్కి తిరుగుతాయో కనుక్కుని, ఆ చోట్లు పెన్సిల్‌తో గుర్తు పెట్టుకునేదాన్ని. చాలామంది లాయర్లు ఆ పెన్సిల్ గుర్తులు చెరిపేయమనేవారు. చెరిపేయమన్నవాళ్ళ కేసు ఎక్కడ బలహీనమో నాకు అప్పుడే తెలిసిపోయేది.