బాపుకు ఇంగ్లీషు రాదు

శాలిబండలో షేర్ ఆటో దిగేసరికి ఏదో ఒక దుకాణం ముందు సాంబ్రాణి పొగ లేస్తూ ఉంటుంది. ఆ పొగలో నడిచే నాలుగడుగుల్లో నేను మళ్లీ మూడో తరగతి పిల్లనైపోతాను. ఆ వాసనకు అందరికీ దేవుడు గుర్తొస్తాడేమో, నాకు మాత్రం మా చర్చి బడి హెడ్‌మిస్ట్రెస్ సిస్టర్ రోసెలిన్ గుర్తొస్తారు. కేరళ నుంచి వచ్చిన సన్యాసిని ఆమె. మా ఇంటి తెలుగు ఆమెకు సగమే అర్థమయ్యేది. ఆమె తెల్లబట్టలకు ఎప్పుడూ ఆ వాసనే పట్టి ఉండేది.

మాది బర్రెలు సాదుకుని పాలమ్మే ఇల్లు. నేను మూడో తరగతికి వచ్చే ముందు ఎండాకాలం సెలవుల్లోనే బాపు చనిపోయాడు. బడి తెరిచాక, రోజూ అసెంబ్లీలో మేము చిలకల్లా అప్పజెప్పే ఇంగ్లీషు ప్రార్థనకు టీచర్ అర్థం చెప్పింది. పరలోకంలో ఉన్న మా తండ్రీ అని. అంటే ఇన్నాళ్లూ బడి మొత్తం పిలుస్తున్నది మా బాపునన్నమాట. మర్నాటి నుంచి గొంతు చించుకుని చదివేదాన్ని. తండ్రులు బతికున్న వాళ్లు కూడా ఎందుకు పిలుస్తున్నారని ఒకటే కోపం. వారం తిరక్కుండానే పక్కన నిలబడ్డ కవితను పెన్సిల్ డబ్బాతో కొట్టి సిస్టర్ గదికి చేరాను.

ఎందుకు కొట్టావని అడిగారు.

"దాని నాయన కంచన్‌బాగ్‌ల డ్యూటీకి పోయిండు సిస్టర్. పైన ఉన్నది మా బాపు. ఆయనతోని దానికేం పని?"

సిస్టర్ కళ్లద్దాలు తీసి చాలాసేపు తుడుచుకున్నారు. తిట్టకపోయేసరికి ధైర్యమొచ్చి, రోజూ నన్ను తినేస్తున్న ఫికర్ బయటపెట్టాను.

"మా బాపుకు ఇంగ్లీషు రాదు. గిట్ల పిలిస్తే సమజైతదా?"

"తెలుగులో చెప్పు. నేను నీ తోడు నిలబడతాను" అన్నారామె.

కిటికీ దగ్గర నిలబడి, బర్రె ఈనిందని, పాలు పోయడానికి అమ్మే తిరుగుతోందని బాపుకు చెప్పాను. సిస్టర్ కళ్లు మూసుకుని పక్కనే ఉన్నారు. ఎండ మా ఇద్దరి మీదా పడుతోంది. అంత నెమ్మది నా బతుకులో మళ్లీ దొరకలేదు.

తర్వాతి సోమవారం నుంచి ప్రార్థన అయ్యాక ఒక నిమిషం మౌనం పెట్టారు. ఎవరి భాషలో వాళ్లు, ఎవరితో చెప్పుకోవాలో వాళ్లతో చెప్పుకోవాలి. చర్చి పెద్దలు గొణిగారు. సిస్టర్ అందరి మాటా విని, తన మాటే నెగ్గించుకున్నారు. పోనుపోను బడిలో అన్ని మతాల పిల్లలూ నిండారు. ప్రార్థన, కావలసినవాళ్ల కోసం చర్చిలోకి వెళ్లింది. మైదానంలో ఆ నిమిషమే మిగిలింది. ఇప్పుడు స్మార్ట్ బోర్డులు చూసి, బడి కాలంతో పాటు మారిందని అంటారు. మారింది ఆ నిమిషంతోనని తెలిసిన నాకు నవ్వొస్తుంది.

ప్రార్థనలో తండ్రి అంటే దేవుడని ఆరో తరగతిలో తెలిసి సిగ్గుతో చచ్చిపోయాను. చాలా ఏళ్లకు అదే బడిలో టీచరుగా చేరాక, ఆ రోజే ఎందుకు చెప్పలేదని సిస్టర్‌ని అడిగాను.

"నోటిదాకా వచ్చింది. చెబితే మీ నాన్న నీకు రెండోసారి పోతారు అనిపించింది."

ఇప్పుడు పిల్లలు తప్పు చెబితే నా ఎర్ర పెన్ను వెంటనే లేవదు. ఎందుకలా అనుకున్నావని ముందు అడుగుతాను. కొన్ని తప్పులను అలాగే వదిలేస్తాను కూడా.

పోయిన ఏడాది కేరళలో సిస్టర్ పోయారు. కబురు తెలిసిన మర్నాడు అసెంబ్లీలో మౌనం మొదలైంది. ఏ మాటలతో పిలవాలో తోచలేదు. చివరికి మా ఇంటి తెలుగులోనే అంతా చెప్పుకున్నాను. ఆమెకు అందులో సగమే అర్థమవుతుంది. మిగతాది బాపు చెప్తాడులే.