గద్దె ఎక్కిన గుర్తురాయి

సన్యాసిరావు గారు కంపెనీని ఎదిరించి ఆ వంతెన ఎత్తు పెంచారట! పోయిన ఆదివారం విశాఖపట్నంలో జరిగిన సంతాప సభలో ఆరుగురు వక్తలు ఆరు రాగాల్లో ఇదే ఆలపించారు. ఒకాయనైతే "పెద్దాయన బల్ల మీద రాజీనామా విసిరికొట్టారు" అని కూడా అన్నాడు. సన్యాసిరావు గారు జన్మలో కాగితం విసిరి ఎరుగరు. వెనక వైపు ఖాళీగా ఉంటే దాచుకునే మనిషి. ఆ వంతెనకు ఆయన కింద సైటు ఇంజనీరును నేను. అది ఎలా లేచిందో నాకు తెలుసు. కనీసం ఆ తర్వాతి బుధవారం వరకు తెలుసుననే అనుకున్నాను.

పొద్దున్న కాఫీ తాగుతూ అలాగే ఒరిగిపోయారని వాళ్లమ్మాయి ఫోనులో చెప్పినప్పుడు నిశ్చేష్టురాలినయ్యాను. తర్వాత కోపం వచ్చింది. మా ఇద్దరి మధ్య పన్నెండేళ్ల నాటి తగవు ఒకటి తేలకుండా ఉంది. అలా మధ్యలో లేచి వెళ్లిపోతే ఎలా?

పెద్ద కంపెనీలో ఇంజనీరంటే వంతెనలు కడతాడని లోకం భ్రమ. మేము కట్టేది ఫైళ్లు. ప్రతి బొమ్మ కిందా మూడు గళ్లుంటాయి: గీసినవారు, సరిచూసినవారు, ఆమోదించినవారు. ముగ్గురు సంతకం చేశారు కనుక బాధ్యత ఎవరిదీ కాదు. ఆ మహాయంత్రంలో ముప్పై ఏళ్లు తిరిగి కూడా అరగని పళ్లచక్రం ఆయన. చోటు చూడకుండా ఏ గడిలోనూ కలం పెట్టేవారు కాదు. "బొమ్మ తడవదమ్మా, మనిషి తడుస్తాడు. ఎల్లి సూసిరా" అని నన్ను వానలోకి తరిమేవారు. ఒకసారి మండువేసవిలో హెడ్డాఫీసు అధికారి మేము వంతెన కట్టే వాగు చూడవచ్చి, "ఈ గెడ్డలో నీళ్లేవయ్యా?" అన్నాడు. ఈయన వినయంగా, "సెలవులో ఉన్నాయండి. వర్షాకాలం డ్యూటీకొస్తాయి" అన్నారు.

ఆ గెడ్డ డుంబ్రిగుడ దాటాక కొండల్లో ఉంది. అవతలి గూడెం పెద్దావిడ చిలకమ్మ పనసచెట్టు మొదలు మీద చెయ్యి పెట్టి, "నీరు ఇక్కడిదాకా వత్తాదమ్మా. మీ వంతెన మునిగిపోద్ది" అంది. కొలిచాం. నిజమే. ఎత్తు పెంచమని మూడు ఉత్తరాలు రాశాం. ఒకే వాక్యం జవాబుగా వచ్చింది: అన్ని చోట్లా వాడే నమూనానే పాటించవలెను. నేను అరిచాను, "గట్టిగా అడగరేం సార్?" అని. ఆయన ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. "అడిగితేనే కదమ్మా వద్దన్నారు. ఇంకా అడిగితే ఇంకా వద్దంతారు" అన్నారు.

ఎత్తులన్నీ కొలవడానికి ఆధారంగా గెడ్డ ఒడ్డున ఒక రాయి మీద ఎర్రరంగు గుర్తు పెట్టాం. అది కదలలేదని రోజూ అవతలి ఒడ్డు గుర్తుతో సరిచూడాలి. వానల్లో గెడ్డ దాటలేక నేను మానేశాను. తప్పే, దాచను. స్తంభాలు పూర్తయ్యాక అరకు వైపు నుంచి రోడ్డు వచ్చింది. వచ్చి, వంతెన కంటే మూరెడు కిందే ఆగిపోయింది!

పరుగెత్తి చూస్తే, మా రాయి పసుపు పూసుకుని గద్దె మీద కూర్చుని ఉంది. ఎర్రబొట్టు చూసి, కంపెనీవాళ్లు కూడా కొలుస్తున్నారు కాబోలు, నేల మీద వదిలేశారే పాపం అనుకుని, గూడెంవాళ్లు మాకు సెలవైన పండగనాడు గద్దె కట్టి దాన్ని ఎక్కించారు. ఆ తర్వాతి లెక్కలన్నీ మేము దూరం నుంచి దుర్భిణిలో ఆ దేవుడి బొట్టు ఒక్కటే చూసి వేశాం!

సన్యాసిరావు గారు కూలీలందరి ముందూ నన్ను ఉతికేశారు. "ఏటి సేత్తన్నావు సుభద్రమ్మా? అంత రాయి లేసి కూకుంటే నీకు కనబడనేదా?" తప్పు పూర్తిగా నాదేనని రాయించి, సంతకం పెట్టించారు. కూల్చడం కంటే వదిలేయడం తేలికని కంపెనీ తేల్చింది. వంతెన రెండు చివర్లా వాలు కట్టి రోడ్డును అతికించారు. ఈనాటికీ బళ్లు అక్కడ మూలుగుతూ ఎక్కుతాయి. నన్ను విశాఖ ఆఫీసులో పాత ఫైళ్ల గదికి పంపారు. ప్రమోషన్లు నా పక్కనుంచి వెళ్లిపోవడం చూస్తూ మూడేళ్లు కూర్చున్నాను. ఈలోగా తుపాను వచ్చింది. నీరు వంతెన అడుగును నాకి, దిగిపోయింది. గూడేనికి దారి మిగిలింది. కీర్తి ఆయనకు దక్కింది.

సభ అయ్యాక బుధవారం ఆ గూడేనికి వెళ్లాను. చిలకమ్మకు చెప్పాలి కదా.

"పొడుగుబాబు పోనాడా!" అని కొంగు నోట్లో కుక్కుకుంది. గూడెంలో ఆయన పేరు అదే. కొంగుతో కళ్లు తుడుచుకుని అంది: "మంచోడమ్మా. రాయి ఎత్తిన నాడు ఒక పక్క తనే బుజం పట్టినాడు. కోడి వొండితే కారం సాల్నేదని ఎక్కిరించినాడు."

ఆమె చెయ్యి పట్టుకుని ఆపాను. "ఆయన ఉన్నారా ఆ రోజు? ఏమన్నారు?"

"ఏటీ అన్నేదు. గద్దె ఎంతెత్తు లేసిందో సేత్తో మూరేసి సూసుకున్నాడు. ఎల్లిపోనాడు."

అప్పటినుంచి నాకు ఏదీ తెలియడం లేదు. ఆ ఆరుగురు వక్తలే నిజం చెప్పారా? ఎదిరించడమంటే ఇదా? కంపెనీ నిర్ణయాన్ని క్షమించదు, పొరపాటునైతే క్షమిస్తుందని ఆయన కనిపెట్టారనుకుందాం. ఆ పొరపాటు నా పేర ఎందుకుండాలి? తన పేర రాస్తే ఎవరూ నమ్మరనా? లేక రిటైర్మెంటు దగ్గరపడి భయపడ్డారా? ధర్మాత్ముడా, పిరికివాడా, ఒకే మూరలో రెండూనా? ఇంతకాలం నేను సిగ్గుపడిన తప్పు నాదా, ఆయన ఒప్పా? ఒక పూట పూజిస్తున్నాను, ఒక పూట తిడుతున్నాను.

తడవకుండా సంతకం చెయ్యని మనిషి ఇక మా వృత్తిలో పుట్టడు. అందులో నాకు సందేహం లేదు. ఆ వంతెన మీద నిలబడి ఆయనకు నమస్కరించాను, ఒక్క చేత్తోనే. రెండో చెయ్యి ఇంకా నడుం మీదే ఉంది.

సార్, మూరేసి చూసుకున్న ఆ సాయంత్రం నాతో ఒక్క మాట చెప్పి ఉంటే, ఆ కాగితం మీద నేను ఇష్టపూర్వకంగానే సంతకం పెట్టేదాన్ని. నన్నెందుకు అడగలేదు?