రైలు పట్టా కట్టుకున్న జీపు

ఇప్పుడు జీపంటే ఆదివారం పూట బురదలో దొర్లించి, సోమవారం కడిగి, ఫొటో తీసి నలుగురికీ పంపుకునే వస్తువైపోయింది గానీ, రెండువేల సంవత్సరం దాటి కొద్దిగా ముందుకొచ్చిన ఆ రోజుల్లో, భద్రాచలం అడవి అంచు ఊళ్ళలో జీపంటే బస్సు, లారీ, అంబులెన్సు, పెళ్ళిబండి, అన్నీ అదే. అందులో ఎంతమంది పట్టేవారో చెబితే మీరు నమ్మరు కాబట్టి చెప్పను. (నిజానికి కూర్చునేవాళ్ళు తక్కువ, వేలాడేవాళ్ళు ఎక్కువ.) డ్రైవరుకు మాత్రం సగం సీటు గ్యారంటీ. మిగతా సగంలో ఎవరో ఒక పెద్దాయన కూర్చుని, గేరు మార్చాల్సి వచ్చినప్పుడల్లా "జర మోకాలు తియ్యి పెద్దయ్యా" అనిపించుకునేవాడు. అలాంటి బండికి నేను డ్రైవర్ని. ఏడో తరగతిలో ఉండగానే బడికి నేను సరిపోనో, నాకు బడి సరిపోదో తేల్చుకోలేక, గొడవెందుకని ఇద్దరం మర్యాదగా విడిపోయాం.

బండి మా మామది. పెనుబల్లి వైపు నుంచి వచ్చి, అడవి పక్కన పొలం కౌలుకు తీసుకుని మిరపతోట వేసిన మనిషి. పండించీ పండించీ తనే ఎండుమిరపకాయలా తయారయ్యాడు: సన్నగా, ఎర్రగా, ముట్టుకుంటే మంటగా. ఒక ఏడు మిరపకు మంచి ధర వచ్చేసరికి పాత జీపు ఒకటి కొని, "అల్లుడూ, స్టీరింగు నీది, పేరు నాది" అన్నాడు. స్టీరింగు, పేరు రెండూ ఉన్నాయి గానీ, ఎక్కే జనమే లేరు. ఎందుకంటే అదే దారిలో హీరో బండి తిరిగేది. హీరో అంటే సినిమా హీరో కాదు, వానాకాలంలో కూడా నల్లకళ్ళద్దాలు తీయని ఒక డ్రైవరు. మంగళవారం సంతకు పోయే జనమంతా అతని బండి మీదే. అతని బండి నిండి, పొంగి, పొర్లితే, ఆ పొర్లినవాళ్ళు మా బండిలోకి వచ్చేవారు.

దీనికి కారణం ఒక గుట్ట. సంతకు పోయే దారిలో వాగు దాటగానే ఎర్రమట్టి ఎత్తు ఒకటి నిలువునా లేస్తుంది. మేం దాన్ని మొక్కులగుట్ట అనేవాళ్ళం. అక్కడికి రాగానే జీపులో ఒకరు రామా అంటే, ఒకరు అల్లా అనేవారు, మా అమ్మలాంటివాళ్ళు ప్రభువా అనేవారు. అన్ని దేవుళ్ళూ ఒకేసారి డ్యూటీలోకి దిగే చోటు అది. వెనకవైపు అంతమంది వేలాడుతుంటే, ఎత్తు ఎక్కేటప్పుడు జీపు ముందు చక్రాలు నేల విడిచి గాల్లోకి లేచేవి. నేల మీద లేని చక్రాన్ని స్టీరింగుతో ఎటు తిప్పితే ఏం లాభం? అందుకని ప్రతి డ్రైవరూ గుట్ట కింద బండి ఆపి, బరువైన మనుషుల్ని దింపి, ముందు బానెట్ మీద కూర్చోబెట్టేవాడు. ఆ బరువుకు ముక్కు కిందికి దిగి, బండి బుద్ధిగా ఎక్కేది. హీరోకు ఈ పనికి పర్మినెంటు మనిషి ఒకాయన ఉన్నాడు. చింతపండు బేరం చేసే పెద్దమనిషి, భారీ విగ్రహం. అందరూ బానెట్ బాబాయ్ అనేవారు. ఆయనకు కిరాయి మాఫీ, బదులుగా రానూపోనూ బానెట్ మీదే ప్రయాణం. ఎండకు ఎండి, వానకు తడిసి, దుమ్ముకు ఎర్రబడి దిగేవాడు పాపం. ఆయన ఉన్నంతకాలం హీరో బండి బోల్తాపడదని జనం నమ్మకం. మాకు అలాంటి ఆస్తి లేదు. మా మామను బానెట్ మీద కూర్చోబెడితే గాలికి ఎగిరిపోతాడు.

అలాంటి రోజుల్లో మా జీపు పాత బంపరు (అప్పటికే తాడుతో కట్టి ఉంది) వాగులో ఊడిపడి రెండు ముక్కలైంది. అవతలి ఒడ్డెక్కి వెనక్కి చూస్తే, ఒక గేదె దాని పక్కన నిలబడి సొంత సామానులాగా కాపలా కాస్తోంది. దానికే వదిలేసి వచ్చాను. సరిగ్గా అదే వారం హీరో తన బండికి కొత్త బంపరు వేయించాడు. తళతళలాడే పైపు, దానికి రెండు లైట్లు. ఆడపిల్లలు దాంట్లో చూసుకుని బొట్టు దిద్దుకునేవారు. మామ రెండు బండ్లనీ పక్కపక్కన చూసి, "జనం ముఖం చూసి ఎక్కుతర్రా. మన బండికి ముఖమే లేదాయె. మిరప నాట్ల లోపల సంత మన బండెక్కిందా సరే, లేదంటే జీపు అమ్మేస్త. నువ్వు తోటకొచ్చి గుంటక తోలుకో" అని తేల్చేశాడు. ఎద్దుల వెనక నడవడం ఇష్టం లేకే నేను స్టీరింగు పట్టింది. ఇప్పుడు నా బతుకంతా ఒక బంపరు మీద ఆధారపడింది.

ఇద్దరం ఖమ్మం పోయాం. కొట్టులో బంపర్లన్నీ పెళ్ళిచూపులకు కూర్చోబెట్టినట్టు వరసగా పెట్టి ఉన్నాయి. మామ కన్ను నేరుగా హీరో బంపరుకు అక్కలాంటి దాని మీద పడింది: ఇంకా లావు, ఇంకా మెరుపు, నాలుగు లైట్లు. మామ దాంట్లో చూసుకుంటూ మీసం దువ్వుతున్నాడు. మా అమ్మ బిందె కొనేటప్పుడు వేలు మడిచి కొట్టి చూసేది. నాకూ అదే అలవాటు. వెళ్ళి ఒకటి కొట్టాను. ఖంగుమని కొట్టంతా మోగింది.

"అది బంపర్ తమ్మీ, బిందె కాదు" అన్నాడు కొట్టాయన.

"బిందైతే నీళ్ళన్నా ఆగుతయి కదన్నా" అన్నాను.

"నీకు వస్తువు తెల్వది, మాట తెల్వది. నడువు బయటికి" అన్నాడు మామ. బయటికొచ్చి బజారులో ఇద్దరం గట్టిగానే అరుచుకున్నాం. మెరిసేది వంగుతుందని నేను, వంగేది నీ మెడ అని మామ. చివరికి ఆయన "పో, నీకు నచ్చిందే తెచ్చుకో. నెత్తి మీద పెట్టుకుని ఊరేగు. నాట్లు మాత్రం మరువకు" అని బస్సెక్కి వెళ్ళిపోయాడు.

నేను కొత్తగూడెంలో వెల్డింగు చాచా దగ్గర తేలాను. గనుల ఊరు కాబట్టి అక్కడ పాత ఇనుముకు కొదవ లేదు. "క్యా హోనా రే?" అన్నాడు చాచా కళ్ళకు అడ్డం పెట్టుకున్న అద్దం తీయకుండానే. "బంపర్ కావాలె చాచా. లారీ గుద్దినా వంగొద్దు" అన్నాను. చాచా లేచి గుమ్మం దగ్గరికి తీసుకుపోయాడు. అక్కడ గడపకు అడ్డంగా పాత రైలు పట్టా ముక్క ఒకటి పడి ఉంది. బొగ్గు ట్రాలీలు నడిచే చిన్న పట్టా. ఎప్పుడో వేలంలో మిగతా సామానుతో పాటు అంటగట్టారట. వచ్చే పోయే గిరాకీలంతా దానికి కాలివేళ్ళు తన్నుకుని తిట్టుకునేవారు. దాన్ని వదిలించుకోవడానికి చాచా ఏళ్ళుగా ఎదురుచూస్తున్నాడని నాకేం తెలుసు? "గిది పెట్టుకో. లారీ గుద్దితే లారీవాడు ఏడుస్తడు" అన్నాడు. వంగి వేలితో కొట్టాను. చప్పుడు రాలేదు, వేలు వాచింది. అదీ బంపరంటే! అక్కడికక్కడే మనసిచ్చేశాను.

నలుగురు పట్టుకుంటే గానీ అది లేవలేదు. బిగించి, కింద పెట్టిన జాకీ తీసేసరికి, బండి బరువు మోసే కమాన్ పట్టీలు కిర్రుమని మూలిగి, జీపు ముందుకు వంగిపోయింది. లైట్లు రెండూ నేల చూస్తున్నాయి, ఎప్పుడో పోగొట్టుకున్న పావలా వెతుక్కుంటున్నట్టు. "వంగిపాయె గద చాచా" అన్నాను. చాచా మాత్రం నిబ్బరంగా, "నయీ దుల్హన్ హై రే. సిగ్గు పడుతున్నది. రెండు రోజులైతే తల ఎత్తుతది" అన్నాడు. ఆ పెళ్ళికూతురిని తోలుకుని ఊరికి వచ్చేసరికి నా భుజాలు పడిపోయాయి. స్టీరింగు తిప్పాలంటే పక్కన కూర్చున్నవాడు కూడా ఒక చెయ్యి వేయాలి.

మామ జీపు చుట్టూ ఒక ప్రదక్షిణ చేశాడు. "బంపర్ తెమ్మంటే పట్టాలు తెస్తివేందిరా? ఇంజను కూడా వెనక వస్తున్నదా? నీ గుంటక కడిగి పెట్టిస్త" అన్నాడు. స్టాండులోనైతే హీరో కళ్ళద్దాలు నుదుటి మీదికి ఎత్తి మరీ చూశాడు. (ఆయన కళ్ళు ఎలా ఉంటాయో ఊరికి తెలిసింది ఆ రోజే.) "ఏందిరో, నీ బండి గట్ల వంగింది? కడుపు నొస్తున్నదా?" అన్నాడు. "నీకు దండం పెడుతున్నది అన్నా, పెద్దోనివి, దీవించు" అన్నాను. స్టాండంతా నవ్వింది, నేనూ నవ్వాను. ఇంటికి పోయి అన్నం తినలేదు.

నాట్లకు ముందు మిగిలిన రెండు మంగళవారాల్లో మొదటిది వచ్చింది. విత్తనం కావాల్సినవాళ్ళు, గొర్రు బాగుచేయించుకోవాల్సినవాళ్ళు, కోళ్ళు అమ్ముకోవాల్సినవాళ్ళు, అడవంతా కదిలి సంతకు బయల్దేరింది. హీరో బండి మీద ఈగ వాలడానికి కూడా చోటు లేకపోతే, మిగిలిన జనం తప్పదన్నట్టు ముఖాలు పెట్టి మా బండెక్కారు. లోపల నిండింది. వెనక మెట్టు మీద వేలాడారు. పైన బుట్టలు, మూటలు. అప్పుడు జరిగింది ఆ వింత. జనం ఎక్కుతున్నకొద్దీ జీపు ముక్కు మెల్లగా పైకి లేస్తూ వచ్చి, ఆఖరి మనిషి ఎక్కేసరికి కాగితం మీద గీత గీసినట్టు సమానంగా నిలబడింది. పెళ్ళికూతురు తల ఎత్తింది! అర్థమయ్యీ కానట్టుగా దిగి రెండుసార్లు చూసుకున్నాను. (ఈ లెక్క ఏదో బళ్ళో చెబుతారట. అది చెప్పే తరగతి దాకా నేను ఆగలేదు.)

గుట్ట కింద ముందు హీరో బండి ఆగింది. రాత్రి వానకు ఎర్రమట్టి జారుతోంది. "బాబాయ్, ముందుకు రా!" అని హీరో కేకేశాడు. వాగు దగ్గర దిగి నడిచొచ్చిన బానెట్ బాబాయ్ పంచె ఎగ్గట్టి, బురదకు ఎప్పటిలా పక్కనుంచి ఎక్కలేక, ఒక కాలు ఆ మెరుపు బంపరు మీద వేశాడు. అప్పడం విరిగినట్టు చప్పుడైంది. పైపు మడతపడింది, లైటు ఒకటి వేలాడింది, బాబాయ్ జారి బురదలో కూలబడ్డాడు. కోళ్ళగంప పట్టుకున్న అవ్వ ఒకతె కిసుక్కున నవ్వింది. ఇంక ఆగలేదు ఎవరికీ.

బాబాయ్ నెమ్మదిగా లేచాడు. "నేను మనిషినారా, ఇసుక బస్తానా? ఇన్నేండ్ల సంది మోసిన. ఇగ నీ బానెట్ మీద నీ అత్తగారిని కూసోబెట్టుకో" అన్నాడు. హీరో బతిమాలాడు, గడ్డం పట్టుకున్నాడు. ఆయన కదల్లేదు. చివరికి హీరో పౌరుషంతో అలాగే ఎక్కించబోయాడు. సగంలోనే బండి ముందు కాళ్ళెత్తిన గుర్రమైంది. వెనక వేలాడేవాళ్ళు పండుటాకుల్లా రాలారు. బండి ఎలా ఎక్కిందో అలాగే వెనక్కి దిగొచ్చింది.

ఇప్పుడు నా వంతు. చిన్న గేరులో వేసి, ప్రభువును తలుచుకుని, యాక్సిలేటరు తొక్కాను. ముందు చక్రాలు లేస్తాయేమో అని చూస్తున్నాను, లేవలేదు. రైలు పట్టా వాటిని బలంగా నేలకు నొక్కి పట్టింది. చక్రం ఎటు తిప్పితే అటు తిరిగింది. లోపల రామా, అల్లా, ప్రభువా అన్నీ మొదలైన చోటే ఆగిపోయాయి. దేవుళ్ళకు పని పడకుండానే గుట్టెక్కేశాం. పైన బండి ఆపి, కావాలనే కిందికి నడిచి వచ్చి, "అన్నా, దండం పెట్టుడు అయిపోయింది. దీవెన తగిలింది" అన్నాను. హీరో కళ్ళద్దాలు దించుకున్నాడు.

బానెట్ బాబాయ్ నా వెనకే గుట్ట ఎక్కి వచ్చి మా జీపు ముందు నిలబడ్డాడు. "ముందుకెక్కాల్నా బిడ్డా?" అని అలవాటుగా పంచె ఎగ్గట్టబోయాడు. "వద్దు బాబాయ్, లోపల కూసో" అన్నాను. పిలవని పెళ్ళికి వచ్చినట్టు తలుపు దగ్గర కాసేపు తటపటాయించాడు. అవ్వ కోళ్ళగంప ఒళ్ళోకి తీసుకుని జరిగింది. ఆయన కూర్చుని, పైన కప్పు చూశాడు, పక్కన మనుషుల్ని చూశాడు. "జీపు లోపల ఇంత నీడ ఉంటదారా!" అన్నాడు. ఎవరూ నవ్వలేదు. ఆ తర్వాతి మంగళవారం హీరో స్టాండు ఖాళీ. సంత మొత్తం మా బండి దగ్గర నిలబడింది. మామ టీకొట్టులో కాలు మీద కాలేసుకుని, "ఆ పట్టా ఐడియా నాదేలే. పిలగాడు ఖమ్మంలో మెరిసేది కొంటనని ఒకటే ఏడుపు" అని చెబుతుంటే విన్నాను. గుంటక తప్పిందే చాలని ఊరుకున్నాను.

మొన్న ఒక పని మీద మా ఆవిడతో కారులో ఆ దారినే పోయాను. వాగు మీద వంతెన పడింది, గుట్టను చెక్కి నల్లటి రోడ్డు వేశారు. కారుకు అక్కడ ఎత్తు ఉందన్న సంగతే తెలియదు. అయినా నా కాలు దానంతట అదే బ్రేకు మీదికి పోయింది, బండి ఆగింది. మెడ తిప్పి వెనక సీటు కేసి చూశాను. నీళ్ళ సీసా ఒకటి, ఆవిడ చేతిసంచి ఒకటి.

"ఎవరి కోసం చూస్తున్నవ్?" అంది.

"ఎవరన్నా ఎక్కుతరేమోనని."

ఆవిడ నా నుదురు మీద చెయ్యి పెట్టి చూసి, ఏసీ కొంచెం పెంచింది.