ఒకటో గ్రూపు వియ్యంకులు

ఆ రోజుల్లో ఏ కొత్త సంగతి చెవిన పడినా నలుగురికీ చెప్పేదాకా నాకు అన్నం సయించేది కాదు. (ఎవరూ అడగకపోవడం నాకెప్పుడూ అడ్డు కాలేదు.) చిలమకూరు దగ్గర సిమెంటు ఫ్యాక్టరీలో, కార్మికుల భద్రత చూసే విభాగంలో కొత్తగా చేరాను. క్యాన్సర్ తెచ్చేవాటిని ఏ గ్రూపులుగా విడదీస్తారో మాకు ఒక పూట పాఠం చెప్పారు. ఆ వారమే పులివెందులలో మా మామ కూతురి నిశ్చితార్థం. అంతకన్నా మంచి సభ నాకెక్కడ దొరుకుతుంది?

మా మామ నోట్లో వక్క లేకుండా ఎవరూ చూసి ఎరగరు. ఆయనకు కాబోయే వియ్యంకుడు, జమ్మలమడుగు పెద్దాయన, బీడీ మీద బీడీ కాల్చే మనిషి. తాంబూలాలకు ఇంకా సమయం ఉండడంతో ఇద్దరూ వాకిట్లో కుర్చీలు వేసుకుని ఎవరి చీనీతోట బత్తాయిలు గొప్పవో తేల్చుకుంటున్నారు. నేను మధ్యలో కూర్చుని గ్రూపుల సంగతి ఎత్తుకున్నాను.

"మన వక్క ఎన్నో గ్రూపబ్బీ?" అన్నాడు మామ.

"ఒకటో గ్రూపు మామా."

మామ మీసం సవరించుకున్నాడు. (మా వంశంలో ఎవరికీ ఏ పరీక్షలోనూ ఒకటో స్థానం రాలేదు.)

"మరి బీడీ?" అన్నాడు పెద్దాయన.

"అదీ ఒకటే."

మామ మొహం మాడిపోయింది. "అదెట్లయితాది? మేము తాతల కాలం నుంచి తింటాండాం. నిన్నగాక మొన్న నేర్చిన ఈయప్ప బీడీ మాతో సమానమా? దాన్ని రెండుకు దించు."

"దించేదానికి నువ్వెవరప్పా? మీ వక్కనే మూడులో ఏసుకోపో," అన్నాడు పెద్దాయన.

మూడంటే ఇంకా ఏదీ తేల్చి చెప్పలేనివని వివరించాను. "మా వక్క సంగతి తేలనిదా?" అని మామ నా మీదికి లేచాడు. పెద్దాయన కారు తీయమన్నాడు. పళ్లెం పట్టుకుని గడపలో నిలబడిన అత్త నన్ను చూసిన చూపుకు నా చొక్కా తడిసిపోయింది.

"గ్రూపు చెప్పేది సాక్ష్యం సంగతి మామా," అన్నాను. "మేకను ఎత్తుకపోయింది ఊరంతా చూసినా అది మేక దొంగతనమే, ఖూనీ కాదు కదా. ఒకటో గ్రూపంటే సాక్ష్యం గట్టిగా ఉందని అర్థం. ఏది ఎంత చేటు చేస్తాదనేది వేరే సంగతి."

కోర్టు భాష కావడంతో ఇద్దరికీ వెంటనే అర్థమైంది.

"అంటే రెండిటి మీదా కేసు రుజువైందంటావు," అన్నాడు పెద్దాయన నెమ్మదిగా.

"అవును. ఈ ఎండ మీద కూడా. అదీ ఒకటో గ్రూపే."

నడి వేసవి మధ్యాహ్నం. ఇద్దరూ తలెత్తి చూశారు. ఎవరి కుర్చీ వారు ఎత్తుకుని వరండాలోకి నడిచారు. వాళ్లిద్దరూ ఒక మాట మీదికి రావడం అదే మొదటిసారి. నీడన కూర్చుని మామ వక్క వేసుకున్నాడు, పెద్దాయన బీడీ వెలిగించాడు, తాంబూలాలు సక్రమంగా మారాయి.

పెళ్లయిన కొన్నాళ్లకు పెద్దాయన బీడీ మానేశాడని తెలిసింది. గర్వంతో జమ్మలమడుగు వెళ్లి, "నా మాట విన్నావు పెద్దాయనా," అన్నాను.

"నీ మాట ఎవరిగ్గావాలబ్బీ. మీ మామతో ఒకే గ్రూపులో ఉండల్లంటే నాకు శానా నామోషీగా ఉండె," అన్నాడు.

ఆ మాట మామకు మోసిందీ నేనే. కొన్ని రోజులకు మామ, "ఆయప్ప దిగిపాయె. నేనొక్కన్నే ఆడ ఏం చేసేది?" అని వక్కల డబ్బా పక్కన పడేశాడు.

ఇప్పుడు నేనే అందరికీ ఆ పాఠం చెబుతున్నాను. తెర మీద బొమ్మలుంటాయి, మధ్యలో టీ ఇస్తారు. అందరూ శ్రద్ధగా తలలూపి, బయటికెళ్లి అగ్గిపెట్టె వెతుక్కుంటారు. అప్పుడు రెండు కుర్చీల మధ్య చెమటలు కక్కిన ఆ కుర్రాడు గుర్తొచ్చి నవ్వుకుంటాను. వాడికి పాఠం చెప్పడం బొత్తిగా రాదు. అయినా ఇద్దరి చేత మాన్పించాడు.