స్టీరింగ్ లేని బండి

నేను స్టీరింగ్ పట్టుకోవడం నేర్పినవాడు ఇప్పుడు స్టీరింగే లేని బండి తోలుతున్నాడు. జర్మనీలో. రెండు పెట్టెల ఎర్ర రైలు, పక్కన ఏరు, ఏటికి అటూ ఇటూ అడవి. వారానికో వీడియో పంపుతాడు. చూడకూడదనుకుంటూనే రెండేసి సార్లు చూస్తాను. నాకు కుళ్ళు. ఈ ముక్క ముందే చెప్పేస్తే తరవాత సంగతులకి ఎవరూ ఆశ్చర్యపోరు.

ఇద్దరిదీ కోనసీమే. మా తాతగారి రోజుల నుంచీ మాకు రైలొస్తుంది, రైలొస్తుంది అని వినడమే. గోదావరిలో వంతెన స్తంభాలు లేచాయి గానీ వాటి మీద బండి పోవడం నేను చూడలేదు. వచ్చిపడింది కువైట్, ఇక్కడ అసలు పట్టాలే లేవు. రైలు లేని ఊరి నుంచి రైలు లేని దేశానికొచ్చినవాడు రైలు డ్రైవరయ్యాడంటే పక్కవాడికి ఎలా ఉంటుంది? కడుపులో పచ్చిమిరపకాయ నలిపినట్టుంటుంది.

కువైట్‌లోని మంగఫ్‌లో మా కంపెనీ కూలీలుండే బిల్డింగు. కూలీలను తెల్లారకముందే ఎక్కించుకుని సైటు దగ్గర దింపడం, సాయంత్రం మళ్ళీ తీసుకురావడం మా డ్యూటీ. మధ్యలో పగలంతా ఖాళీ. నేను బస్సు నీడన అట్టముక్క పరుచుకుని నిద్రపోయేవాణ్ణి. వాడు బస్సులో కూర్చుని ఫోన్లో జర్మన్ వల్లించేవాడు. "ఎహె, ఆ గరగరేంట్రా, నిద్ర పట్టనివ్వవా" అని కసిరేవాణ్ణి. "నువ్వూ నాలుగు ముక్కలు నేర్చుకో అన్నయ్యా" అనేవాడు. ఆ ఎండలో నాకు నిద్రే హాయిగా ఉండేది.

వాడికి బస్సు అప్పగించినప్పుడు నేను చెప్పిన పాఠం ఒక్కటే. పరిగెత్తేవాణ్ణి వదిలేసి బండి కదపకు. మంగఫ్‌లో ఆ వేళప్పుడు ఎవడైనా పరిగెడుతున్నాడంటే మన బస్సు కోసమే. వదిలేస్తే పాపం వాడికి ఆ రోజు ఆబ్సెంటు. ఫోర్‌మన్ "యల్లా, యల్లా" అని తొందరపెడుతూ తలుపు బాదుతున్నా సరే, ఏదో వంక పెట్టి ఆగేవాళ్ళం. వీడైతే ఇంకా దిగి, ఎదురెళ్ళి టిఫిన్ డబ్బా అందుకునేవాడు. అందుకే కూలీలకు వాడంటే ప్రాణం. వాడు వెళ్ళిపోయాక ఆ రూటు నాకిచ్చారు. ఇప్పటికీ బస్సెక్కగానే "మనోడెలా ఉన్నాడండీ?" అని అడుగుతారు. నేనెలా ఉన్నానని ఒక్కడూ అడగడు.

పోయిన చలికాలం ఒక శుక్రవారం వాడి నుంచి ఫోనొచ్చింది. గొంతు బాలేదు.

"అన్నయ్యా, ఉద్యోగం ఉండేలా లేదు."

జరిగింది ఇది. వాడి లైన్లో ఉన్నది ఒకే జత పట్టాలు. ఎదురొచ్చే బండి మధ్య స్టేషన్లో ఆగి ఉండి, వీడి బండి వచ్చాకే కదలాలి. చివర జంక్షన్లో పెద్ద రైలు ఉంటుంది, అది ఎవరికోసమూ ఆగదు. కాబట్టి నిమిషం అటూ ఇటూ కాకూడదు. ఆ పొద్దున ఒక చిన్న స్టేషన్లో తలుపులు మూసే వేళకి, ప్లాట్‌ఫారం పక్కనున్న బాటలో ఒకామె పరిగెత్తుకుంటూ వస్తోంది. వీడు ఆగిపోయాడు. కిటికీలోంచి తల బయటపెట్టి, రండి రండి అని చెయ్యి ఊపాడు. ఆమె నవ్వింది. తనూ చెయ్యి ఊపింది. అదే ఊపులో బండిని దాటి వెళ్ళిపోయింది. ఆమె వ్యాయామానికి బయల్దేరిందట.

ఎదురు బండి ఆలస్యమైంది. జంక్షన్లో పెద్ద రైలు వెళ్ళిపోయింది. బండెడు జనం చలిలో నిలబడిపోయారు. వాడికింకా ఉద్యోగం ఖాయం కాలేదు. సోమవారం ఆఫీసరు ముందు సంజాయిషీ చెప్పుకోవాలి.

నేను నవ్వాను. రూంలో వాళ్ళు తిరిగి చూసేంత గట్టిగా నవ్వాను. కడుపులో చల్లటి మజ్జిగ పోసినట్టయింది. పడ్డావా బాబూ, అనుకున్నాను.

"తలుపు ఇరుక్కుపోయిందని చెప్పనా అన్నయ్యా?"

ఇక్కడైతే అలాంటిదే చెప్పేవాళ్ళం, టైరు పంక్చరనో, ట్రాఫిక్కనో. అలాగే చెప్పమందామని నోరు తెరిచాను కూడా. అంతలో ఇంకో సంగతి తట్టింది. ఉద్యోగం పోతే వీడు ఎక్కడికొస్తాడు? ఇక్కడికే. కంపెనీ మళ్ళీ వీడికి ఆ రూటే ఇస్తుంది. కూలీలు ఎగిరి గంతేస్తారు. వెళ్ళినా వాడే గొప్ప, వచ్చినా వాడే గొప్ప. నేనేమో అర్దియాలోని కంపెనీ షెడ్డులో బస్సులకు ఆయిలు మార్చుకుంటూ కూర్చోవాలి.

"అబద్ధాలాడకు. ఇది మంగఫ్ అలవాటని ఉన్నదున్నట్టు చెప్పు. అక్కడే ఉండు, ఇటు రాకు" అన్నాను. చివరి మాట కాస్త గట్టిగానే అన్నాను.

"నువ్వున్నావన్నదే నాకు ధైర్యం అన్నయ్యా" అన్నాడు. దానికీ ఒళ్ళు మండింది.

ఉద్యోగం పోలేదు. ఆఫీసరు విని నవ్వాడట. కొన్నాళ్ళు సీనియర్ పక్కన కూర్చుని మళ్ళీ నేర్చుకోమన్నాడట. ఈ కథంతా బస్సులో నేనే చెప్పాను, వాడి పరువు తీద్దామని. జనం పడీ పడీ నవ్వారు. ఆనక, "బంగారంలాంటోడండీ, అంత దూరమెళ్ళినా మన బుద్ధి పోలేదు" అన్నారు. ఇంకేం చెయ్యను?

మొన్న మళ్ళీ ఫోన్ చేశాడు.

"నిన్న నిజంగానే ఒకావిడ పరిగెత్తుకొచ్చింది అన్నయ్యా. చంకలో పిల్ల. టైమైపోయింది. తలుపులేసి కదిలిపోయాను."

"ఏమైనా అందా?"

"తెలీదు. అద్దంలోకి చూస్తే ఆగిపోతానని చూడలేదు."

ఇంకో బండి గంట దాకా లేదని వాడే చెప్పాడు. ఆ చలిలో ఆ పిల్లని ఎత్తుకుని ఎక్కడ కూర్చుందో అని కూడా అన్నాడు. ఆ పైన, "నీ పనే బాగుంది అన్నయ్యా. నువ్వు ఆగొచ్చు" అన్నాడు.

ఇన్నాళ్ళూ వాణ్ణి చూసి ఏడుస్తూ బతికాను. రైలు వాడిదైనా ఆ ఏడుపు మాత్రం నాదేననుకున్నాను. ఇప్పుడు అదీ వాడికే కావాల్సొచ్చింది.

"నోర్ముయ్యి, పెట్టెయ్ ఫోను" అన్నాను.

వాడు పెట్టలేదు. నేనూ పెట్టలేదు.