కొచ్చిలో మా పొయ్యి

మా అత్త బయటి తిండి ముట్టదు. ప్రొద్దుటూరులో ఎవరి పెళ్ళికి పోయినా గ్లాసెడు మజ్జిగ తాగి వచ్చేసి, ఇంట్లో నా చేతి అన్నమే తింటుంది. ఈ సంగతి చుట్టాల దగ్గర నేను చెప్పుకోని రోజు లేదు. పెద్దకోడలి వంట తప్ప ఆమెకు గొంతు దిగదని నలుగురూ అనుకుంటే నాకు అదే పట్టుచీర.

అందుకే కేరళ చూద్దామన్నప్పుడు మా మరిది క్యారవాన్ మాట్లాడినాడు. మంచాలు, ఫ్రిజ్జు, చిన్న పొయ్యి ఉన్న పెద్ద బండి. హోటళ్ళ జోలికి పోకుండా అత్తకు ఊళ్ళు చూపించవచ్చని ఇంట్లోవాళ్ళ ఆలోచన. నేను బియ్యం, బ్యాళ్ళు, శెనక్కాయల పొడి, ఉగ్గానికి బొరుగులు మూట కట్టుకున్నాను. పొయ్యి ఎవరిదని ఎవరూ అడగలేదు.

కొచ్చిలో సముద్రం దగ్గర బండి ఆపారు. పొద్దున్నే అందరూ ఊరు చూడటానికి దిగారు. నా తోడికోడలు, పెళ్ళయి రెండేళ్ళు కూడా నిండని పిల్ల, అత్త చెయ్యి పట్టుకుని మెట్లు దింపింది.

"నువ్వూ రా అక్కా, పోదాం."

"నేనొస్తే మధ్యాన్నానికి అత్త ఏం తింటాది?" అన్నాను, అత్తకు వినపడేటట్టు.

ఉండనీలేమ్మే, రా అంటుందేమోనని చూశాను. అత్త అప్పటికే సముద్రం వైపు తిరిగింది.

బండిలో ఉక్క. తిరగమోత ఘాటుకు దగ్గుకుంటూ కిటికీలోంచి చూస్తే, పెద్ద పెద్ద వలలు నీళ్ళలోంచి పైకి లేస్తున్నాయి. వాటి ముందు వాళ్ళిద్దరూ. అత్త చెప్పులు ఆ పిల్ల చేతిలో ఉన్నాయి. నాకు ఒళ్ళు మండిపోయింది. కాసేపటికి ఫోనులో ఫోటో వచ్చింది. అత్త ఒక మహావృక్షం కింద నిలబడి పళ్ళన్నీ కనపడేట్టు నవ్వుతోంది. నా ఎదుట ఆమె నవ్వదని కాదు, అలా నవ్వదు. ఆ పిల్ల మాత్రం ఏం చేసింది, చెప్పులు మోసింది, అంతేగా!

వాళ్ళు వచ్చేసరికి చారు, వంకాయ కూర సిద్ధం చేసి కంచాలు పెట్టాను.

"నాకొద్దులేమ్మే, కడుపు నిండింది," అంది అత్త. "అరటిపండు బజ్జీలంట. రోడ్డు పక్కన ఒకామె వేడేడిగా వేస్తాంటే ఈ పిల్ల తెచ్చి పెట్టింది. శానా బాగుండాయి."

"బయట తిన్యావా అత్తా?"

"ఈ ఊర్లో మనల్ని ఎరిగినోళ్ళు యాడుండారు? ఎవురు చూడొచ్చిరి?"

గరిటె చారు గిన్నెలో పడేశాను. ఇన్నేళ్ళూ ఆమెను ఆపింది నా వంట రుచి కాదు, ప్రొద్దుటూరు బజారు కళ్ళు.

"రేపు పొయ్యి ముట్టించొద్దు. నువ్వూ రా," అంది చెయ్యి కడుక్కుంటూ. పొద్దున్నుంచీ ఆ మాట కోసమే చెవులు కోసుకున్నాను. ఇప్పుడు వింటే ఉద్యోగం ఊడినట్టుంది.

మరుసటి రోజు పోయాను. సముద్రాన్ని సరిగా చూడనే లేదు, అత్త రెండో చెయ్యి పట్టుకోవడంతోనే సరిపోయింది. ఆ బజ్జీలామె దగ్గరికి ఎవరికన్నా ముందు నేనే పోయి, బాగా వేగింది ఏరి, ఊది చల్లార్చి, అత్త చేతిలో పెట్టాను.

అత్త కొరికింది. నమిలింది. నన్ను దాటి ఆ పిల్ల వైపు చూసింది.

"నిన్న నువ్వు పెట్టినవే బాగుండెమ్మే," అంది.