అత్త పాటలు పట్టిన టేపు

గొంతు ఆపరేషన్ తర్వాత మాట వస్తుందో రాదో చెప్పలేమని డాక్టర్లు అన్నాక, నడికుడిలో ఉండే మా మేనత్త నన్ను పిలిపించింది. మిరపకాయల కోతల్లో ఆమె పాట ఎత్తుకుంటే చేనంతా అందుకునేది.

"ఫోన్‌లో వద్దురా, పోద్ది. మీ మామ టేపులో పట్టు," అంది.

పాత టేప్‌రికార్డర్‌కి కొత్త బెల్టు వేయించి, మైకు తగిలించాను. మొదటిసారి పాటకంటే గుయ్‌మనే మోతే ఎక్కువ పడింది. మైకు రికార్డర్ పక్కనే ఉండటంతో దాని మోటారు చప్పుడంతా అందులోకి ఎక్కింది. మైకును దూరంగా జరిపి, మడిచిన దుప్పటి మీద, అత్త నోటికి జానెడు దూరంలో పెట్టాను. కిటికీలకు బొంతలు కట్టి, ఫ్యానూ ఫ్రిజ్జూ ఆపేశాను. ఇంటి దగ్గరి పట్టాల మీద గూడ్సు బండి వెళ్లేదాకా ఆగాం. చెమటలు కారుతున్నా అత్త మూడు పాటలు పాడింది.

ఈసారి శుభ్రంగా వచ్చింది. అయితే చరణాల మధ్య సన్నటి ఈల వినిపించింది.

"ఆ కూత ఏందిరా?"

"టేపు పాతది కదత్తా."

అబద్ధమే చెప్పాను. అది ఆమె ఊపిరి. ఇన్నాళ్లూ ఫ్యాను చప్పుడులో మాకెవరికీ వినపడలేదు.

అత్త కాసేపు నా ముఖంలోకి చూసి, "చానా పాటలున్నయ్ ఇంకా. టేపు పెట్టు," అంది.

ఆపరేషన్ అయింది. ప్రాణం దక్కింది, గొంతు రాలేదు. మొన్న వెళ్లినప్పుడు టేపు వేయనా అని అడిగితే వద్దని చెయ్యి ఊపింది. నేను బయల్దేరేటప్పుడు క్యాసెట్ తెచ్చి నా సంచిలో పెట్టింది. వారమైంది, వినడానికి ఇంకా ధైర్యం చాలలేదు.